డెబ్బై రెండు గంటలు

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

ఉదయం ఆరింటికి మరిగే నీళ్ళలో డెబ్బై రెండు గంటలు పూర్తయ్యాయి. బోర్డు ముక్క నిలిచింది. రిపోర్టు కాగితం మీద అలాగే రాసి సంతకం పెట్టాను. హాస్టల్లో కొత్త మేడకి ఈ బోర్డులే పరుస్తారు.

తెరిసమ్మ సిస్టర్ కాగితం చదివి, "సైన్సు చదివిన పిల్ల ఒకరు దగ్గరుంటే ఎంత ధైర్యమో" అన్నారు. యేసురత్నం పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మేడ కట్టిస్తున్నది ఆయనే. "అయితే రేపే లారీ దింపించేత్తాను పాపా" అన్నాడు.

పూజలో కొవ్వొత్తి మైనం చేతి మీద పడి బొబ్బ లేచింది. చిన్నదే.

జూన్ 14, శనివారం

బడి తెరిచారు. హాస్టల్లో మళ్ళీ చప్పుడు. ముంచింగిపుట్టు చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచి యాభై తొమ్మిది మంది వచ్చారు. పెద్దపిల్లలు ఇరవై ఎనిమిది మందికి కొత్త మేడ. చిన్నపిల్లలు కింద భోజనాల హాల్లోనే తింటారు, అక్కడే పడుకుంటారు. నేను వార్డెన్‌ని కాబట్టి నా మంచం మేడ మీద, మెట్ల పక్కన.

పాత రాతిగోడల హాలుకి అడ్డంగా దూలాల్లాంటి ఇనుప కమ్ములు బిగించి, వాటి మీద ఇరవై నాలుగు బోర్డులు పరిచి, బ్రౌన్ రంగు వేశారు. నేల నున్నగా ఉంది. పిల్లలు మేజోళ్ళతో జారుతూ ఆడారు.

వడ్రంగి సోమన్న మెట్ల పక్కన పట్టుకునే కర్ర బిగిస్తూ బోర్డు అంచుని గోటితో గీకి చూశాడు.

"ఇది కర్ర కాదు తల్లీ. రంపపు పొట్టుకి జిగురేసి వొత్తినారు. సెక్క ఉప్మా."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏ జిగురేటమ్మా?"

"యూరియాది అయి ఉంటుంది."

"పొలంలో జల్లే యూరియానా?"

"దాని తాలూకుదే."

"అయితే వానలకి మొలకలొచ్చేత్తాయి," అన్నాడు.

యూరియా జిగురుకి తడి పడదు. ఫినాల్ జిగురు తడికి ఆగుతుంది. ముక్క నిలిచింది కాబట్టి ఇది ఫినాల్‌దే అయి ఉండాలి. సోమన్నతో అలా ఎందుకన్నానో.

జూన్ 21, శనివారం

మేడ కడిగారు. పన్నెండు బకెట్లు, ఫినాయిల్. శనివారం కడగని నేల మీద ఆదివారం మోకరించకూడదని సిస్టర్ నియమం. కింద సిమెంటు నేల కడిగిన అలవాటు, మేడకీ వచ్చింది.

"తడిగుడ్డతో తుడిస్తే చాలేమో సిస్టర్" అనాలని వాక్యం మొత్తం తయారు చేసుకుని వెళ్ళాను. ఆవిడ తలెత్తి, "ఏమ్మా?" అన్నారు.

"సబ్బు అయిపోయింది సిస్టర్."

సబ్బు ఉంది.

జూన్ 22

వాన.

జూన్ 30

రెండు బోర్డులు కలిసే చోట కాలికి ఏదో తగిలింది. సన్నటి గట్టులా లేచింది. రంగు మందంగా పూశారేమో.

మెట్ల దగ్గర బోర్డు అంచు బయటికి కనిపిస్తుంది. స్కేలు పెట్టి చూశాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. ఇరవై ఉంది. నా స్కేలు అంచు అరిగిపోయింది, సరిగ్గా తెలియదు.

యేసురత్నం పెదనాన్న నా జ్ఞానతండ్రి. నా జ్ఞానస్నానం రోజు నన్ను ఎత్తుకున్న మనిషి. అమ్మ పోయిన ఏడు నన్ను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని, ఘాట్ రోడ్డంతా పాటలు పాడుతూ కాన్వెంట్లో దింపింది ఆయనే. ఆయన వేయించిన నేల ఇది.

జూలై 5

ఇరవై. అంటే పెరగలేదు.

జూలై 6

ఇరవై ఒకటి.

జూలై 9

నాలుగు రోజులుగా ఎండ లేదు. పొగమంచు కిటికీల్లోంచి లోపలికి వచ్చి పోనంటోంది. ఇరవై ఎనిమిది మంది తడి యూనిఫారాలు మేడ మీదే తాళ్ళకి వేలాడుతున్నాయి. చుక్క పడినప్పుడల్లా నా కళ్ళు అటే పోతున్నాయి. దుప్పట్లకి ఒక వాసన పట్టింది, పాత పుస్తకానిది కాదు, పుల్లటిది.

మిగిలిపోయిన బోర్డు ముక్క ఒకటి పెరట్లో ఉంటే వంట చేసే అచ్చియమ్మ దాన్ని నీళ్ళ డ్రమ్ముకి మూత చేసుకుంది. ఇవాళ అది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. క్యాథరిన్ అనే నా పేరు ఆమె నోట కేత్రమ్మ.

"కేత్రమ్మా, సూడు. రొట్టెలా పొంగిపోనాది. దీన్నే కదేటి నువ్వు ఉడకేసినావు?"

"అది వేరే ముక్క."

"వేరేదేటి? అదే లారీ, అదే సరుకు."

"పక్కన పెట్టు అచ్చియమ్మా."

"పక్కనెడితే రేపటికి నాకంటే లావైపోతాది," అని నవ్వుకుంటూ తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. సరిగా మండలేదు. వంటిల్లంతా పొగ.

జూలై 11

పిల్లలు బడిలో ఉన్నప్పుడు అతుకుల మీద పాత దుప్పటి పరిచి ఇస్త్రీ చేశాను. తడి ఆరింది. పొంగు దిగలేదు. ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు, ఇవాళ చేత్తో తెలిసింది. ఒకసారి పొంగిన బోర్డు ఆరినా వెనక్కి రాదు.

ఇరవై మూడు.

జూలై 13

భాను చాప తీసి చూశాను. భాను ఎనిమిదో తరగతి. ఏం చెప్పినా ముందు నవ్వి తర్వాత వింటుంది. ఆమె పడుకునే చోట, హాలుకి సరిగ్గా మధ్యలో, నేల మెత్తగా ఉంది. బొటనవేలితో నొక్కితే కొంచెం దిగింది.

రంగు పగల్లేదు. రంగు పగల్లేదు కాబట్టి లోపల బాగానే ఉండాలి.

జూలై 14

నా పెట్టె తెరవలేదు.

జూలై 17

ఏప్రిల్ 20 పేజీ ఇవాళ చదివాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాసుకున్నాను.

జరిగింది ఇది. పవిత్ర గురువారం ఉదయం ఆరింటికి పెద్ద డేక్సాలో నీళ్ళు పోసి, పెదనాన్న పంపిన ముక్క వేసి పొయ్యి మీద పెట్టాను. మూడు రోజులు ఆగకుండా మరగాలి. నీళ్ళు తగ్గినప్పుడల్లా పోయాలి. అప్పటికీ ముక్క విడిపోకపోతే తడికి ఆగే బోర్డు. మేడకి సాయం చేసిన దాతలు, ఎవరో ఒకరు ఆ పరీక్ష చేసి సంతకం పెట్టి పంపాలన్నారు. సిస్టర్ నాకు అప్పజెప్పారు.

మధ్యాహ్నం మూడింటికి అచ్చియమ్మ వచ్చింది. మర్నాడు శుభ శుక్రవారం. సిలువ మార్గం నడిచి కొండ దిగి వచ్చిన వాళ్ళందరికీ మా హాస్టల్ నుంచే చోడి అంబలి, అంటే రాగి జావ, పోస్తాం. నేను పుట్టక ముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. మూడు వందల మందికి సరిపడే డేక్సా ఇదొక్కటే.

"పిండి పులవెట్టాల. డేక్సా ఇచ్చీమ్మా, బేగి."

ఇంకా అరవై మూడు గంటలు ఉంది అనాలి. ఆమె అప్పటికే పొయ్యి ముందు కొంగు బిగించి నిలబడింది. "తీసుకో" అన్నాను.

గరిటెతో బయటికి తీస్తే ముక్క మూలలు మెత్తబడి ఉన్నాయి. ఒక పక్క పొర లేచింది. తొమ్మిది గంటలకే. కాగితంలో చుట్టి నా ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. శనివారం డేక్సా ఖాళీ అయింది. మళ్ళీ మొదలుపెడితే మంగళవారం దాకా పడుతుంది. ఈస్టర్ రోజు రిపోర్టు ఇస్తానని సిస్టర్‌తో చెప్పి ఉన్నాను. ఇచ్చాను.

అయినా పెదనాన్నకి తెలిసే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్న మనిషి, నా ఒక్క మాట మీద దింపిస్తాడా?

జూలై 20, ఆదివారం

ఫాదర్ వచ్చారు. పాపసంకీర్తనానికి వెళ్ళాను. కోపం, బద్ధకం, జపంలో పరధ్యానం అని చెప్పాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు.

ముప్పై చెప్పాను.

జూలై 23

ఉత్తరం రాసి సిస్టర్ జపపుస్తకం కింద పెట్టాను. పొద్దున తొమ్మిదింటికి. తొమ్మిదింబావుకి తీసేశాను. ఆవిడ ఈ మేడ కోసం మూడేళ్ళు తిరిగారు. పోయినేడు పిల్లలు కింద ఇరుక్కుని, ఒకరి కాళ్ళ మీద ఒకరు తలపెట్టి పడుకున్నారు.

ఇరవై నాలుగు.

జూలై 26, శనివారం

భాను చాప గోడ పక్కకి మార్చాను. ఆ చోట ప్లాస్టిక్ టబ్బు పెట్టి, పైకప్పు కారుతోందని చెప్పాను.

భాను టబ్బులోకి తొంగి చూసింది. "మేడం, ఇది ఎండిపోయుందేటి?"

"వాన పడితే కారుతుంది."

"ఇప్పుడు పడతన్నాది కదండీ."

అందరూ నవ్వారు. పిల్లలు బడికి వెళ్ళాక టబ్బులో ఒక చెంబు నీళ్ళు పోశాను. పోస్తుంటే రెండు చుక్కలు బోర్డు మీద పడ్డాయి. కొంగుతో అద్దాను.

మేడ కడగడం మాత్రం ఆగలేదు. మూల సరిగ్గా కడగలేదని సిస్టర్ ఇంకో రెండు బకెట్లు పోయించారు.

ఆగస్టు 2, శనివారం

పదిహేనున రెండు పండుగలు, జెండా పండుగ, మరియమాత మోక్షారోపణం. దాతలు వస్తున్నారు. పిల్లల థింసా ఉంటుంది. బయట మోకాలి లోతు బురద కాబట్టి ప్రాక్టీసు మేడ మీద, టబ్బు చుట్టూ.

థింసాలో ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని ఒకే వరసగా తిరుగుతారు. అడుగు తప్పకూడదు. ఇరవై ఎనిమిది మందీ ఒక్కసారి పాదం వేయాలి. భాను చివర ఉంటుంది. చివరి మనిషి గట్టిగా వేస్తేనే వరస తిరుగుతుంది.

నేను కింద నిలబడి పైకి చూశాను. డప్పు దెబ్బ పడినప్పుడల్లా సన్నటి గోధుమరంగు పొడి రాలుతోంది. మధ్య బోర్డు కిందికి వంగి, మళ్ళీ లేచి, మళ్ళీ వంగుతోంది. పొడి చిన్నపిల్లల పళ్ళాల్లో పడింది. ఒక పాప వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

"బెల్లం మేడం."

నోరు కడిగించాను. మూడుసార్లు కడిగించాను.

ఆగస్టు 5

డప్పు ఆగిపోయాక కూడా వినిపిస్తోంది.

ఆగస్టు 9, శనివారం

పెదనాన్న వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో మేడ ఎక్కలేదు. కింద కుర్చీలో కూర్చుని టీ తాగాడు. గ్లాసులో పొడి పడితే వేలితో తీసి విదిల్చాడు.

"ఏటి పాపా, సిక్కిపోనావు. అచ్చియమ్మా, మా గుంటకి తిండెట్టట్లేదేటి?"

"నానెడితే తింటాదేటి బాబూ? పుస్తకాలు తింటాది," అంది అచ్చియమ్మ వంటింట్లోంచి.

అడిగాను. ఎలా అడిగానో తెలియదు. గోడ వైపు చూసి అడిగాను. "పెదనాన్నా, ఆ బోర్డులు నీళ్ళకి ఆగేవేనా?"

"నన్నడుగుతావేటి? సెప్పింది నువ్వే కదా." నవ్వాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు. "నిజం సెప్పాలంటే నాకు అనుమానమే ఉండీది. కొత్త సరుకు, నానెప్పుడూ వాడనేదు. లారీవోడితో సెప్పీసినాను. మా క్యాథరిన్ ఉడకేసి సూత్తాది, నిలవకపోతే లారీ ఇటునుంచిటే తిప్పీయ్ అని. నువ్వు మూడు రోజులు నిలిసిందన్నావు. దింపించీసినాను."

నేను వంగి గ్లాసు తీసుకున్నాను.

"సదువుకున్న పిల్ల మాట," అన్నాడు, అచ్చియమ్మకి వినపడేలా.

పైన అప్పుడే డప్పు మొదలైంది.

"పెదనాన్నా."

"ఏటమ్మా?"

"ఇంకొంచెం టీ పొయ్యనా?"

ఆయనకి తెలిసే ఉంటుందని జూలై 17న రాశాను. ఆ వాక్యం కొట్టేయడం లేదు. అలాగే ఉండనీ.

ఆగస్టు 12

స్వాగతం నేనే చెప్పాలట. ఆరు వాక్యాలు. రాసిచ్చారు.

"సిస్టర్, థింసా గుడిలో పెడితే..." అన్నాను. అంతవరకు అన్నాను.

"దాతలు వాళ్ళిచ్చిన మేడ చూడాలి కదమ్మా. కింద భోజనాలు వడ్డిస్తారు, పైన ఆట. చిన్నపిల్లల్ని ముందే భోజనాలకి కూర్చోబెడితే అల్లరి ఉండదు."

చిన్నపిల్లలు ముప్పై ఒక్క మంది. పైన ఇరవై ఎనిమిది మంది. వచ్చేవాళ్ళు పదిహేను మంది దాకా.

ఆగస్టు 14

ఇరవై ఆరు. టబ్బు తీసి చూస్తే స్కేలు కూడా అక్కర్లేదు. నల్లటి బూజు చుక్కలు రంగుని చీల్చుకుని పైకి వచ్చాయి. ఒక స్క్రూని వేళ్ళతో తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది.

రేపు వాన తగ్గితే బయటే ఆడతారు. తగ్గుతుంది.

ఆగస్టు 16, శనివారం

వాన తగ్గలేదు.

నిన్నటిది వరసగా రాస్తాను. పూజ అయింది. జెండా తడిసి కర్రకి అంటుకుపోయింది. దాతలు గొడుగులతో వచ్చారు. పెదనాన్న తెల్ల చొక్కా వేసుకుని, మోకాలు పట్టుకుంటూ మేడ ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే కాలితో నేల తట్టి చూశాడు. తలుపు దగ్గరి బోర్డు గట్టిదే. సంతోషంగా వెళ్ళి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు మోకాళ్ళ దాకా చీరలు కట్టి, తలలో పూలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. భాను చివర.

"మొదలుపెట్టమ్మా," అన్నారు సిస్టర్.

నేను ముందుకి వచ్చాను. చేతిలో ఆరు వాక్యాల కాగితం. మొదటి వాక్యం, గౌరవనీయులైన. నోరు తెరిచాను. గాలి కూడా రాలేదు. అందరూ నవ్వుతూ చూస్తున్నారు, సిగ్గుపడే పిల్ల అని. ఎవరో చప్పట్లు కొట్టారు, ధైర్యం చెప్పడానికి.

"నీళ్ళు తాగి వస్తాను" అన్నాను.

కింద చిన్నపిల్లలు బారులు తీరి కూర్చుని ఉన్నారు. పళ్ళాల్లో పులిహోర. అందరి తలల మీద ఆ మధ్య బోర్డు. వంటింట్లో అచ్చియమ్మ మిరపకాయలు దంచిన రోకలి గోడకి ఆనించి ఉంది.

"అచ్చియమ్మా, పిల్లల్ని బయటికి తీసుకుపో."

"ఏటి? వానలోకా?"

"వానలోకే."

"పులిహోర పెట్టీసినాను కదమ్మా, తిననీ..."

"ఇప్పుడే. ఒక్కరు కూడా లోపల ఉండకూడదు."

ఆమె నా ముఖం చూసింది. ఈ మూడేళ్ళలో నేను ఆమెకి ఏదీ చెప్పింది లేదు, అడిగింది తప్ప. గరిటె పెట్టేసి, "లెగండ్రా గుంటల్లారా, లెగండి," అని అరుస్తూ వెళ్ళింది. ఆఖరి పాప గడప దాటే దాకా నిలబడి చూశాను. తర్వాత రోకలి తీసుకున్నాను. బరువుగా ఉంది. మెట్లెక్కుతుంటే దాని ఇనుప పొన్ను ప్రతి మెట్టుకీ తగిలింది.

నన్ను చూసి పిల్లలు నవ్వారు. రోకలితో ఏదో వేషం అనుకున్నారు.

"భానూ, అందరినీ గోడ దగ్గరికి జరుపు," అన్నాను. ఆమె నవ్వలేదు. జరిపింది.

హాలు మధ్యకి వెళ్ళాను. మెత్తటి బోర్డు మీద అడుగు పెట్టకుండా, కింద కమ్మి ఉన్న చోట నిలబడి, టబ్బు కాలితో పక్కకి తోశాను. రోకలి ఎత్తి వేశాను. మొదటి దెబ్బకి దిండు మీద కొట్టినట్టు చప్పుడైంది. సిస్టర్ "క్యాథరిన్!" అన్నారు. రెండో దెబ్బకి పొన్ను దిగబడింది. మూడో దెబ్బకి రోకలి చేతుల్లోంచి జారి, బోర్డులోంచి దూసుకుని కిందికి పోయింది. కింద స్టీలు పళ్ళాలు ఎగిరిపడ్డ చప్పుడు.

కంతలోంచి పులిహోర మీద గోధుమరంగు పొడి కనిపించింది.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఏటిది పాపా?"

"తొమ్మిది గంటలే."

"ఏటి తొమ్మిది?"

"డెబ్బై రెండు కాదు పెదనాన్నా. తొమ్మిది గంటలే ఉడకబెట్టాను. అప్పుడే విడిపోయింది. నిలిచిందని రాశాను."

ఇంత గట్టిగా మాట్లాడానని నాకు తెలియలేదు. దాతల్లో ఒకాయన కుర్చీలో వెనక్కి జరిగాడు.

పెదనాన్న కమ్మి వెంట నడిచి వచ్చి, ఆ మోకాళ్ళతోనే కంత పక్కన కూర్చున్నాడు. అంచు నుంచి చిటికెడు తీసి నలిపాడు. అది తడి పిండిలా వేళ్ళకి అంటుకుంది. నా వైపు చూడలేదు. తర్వాత పిల్లలతో అన్నాడు, మామూలుగా, సంతలో దారి చెప్పినట్టు.

"అమ్మలూ, గోడ పట్టుకుని ఒక్కొక్కలే దిగండి. బేగి వద్దు. పరిగెట్టొద్దు. గెంతొద్దు."

ఇరవై ఎనిమిది మంది దిగారు. లెక్కపెట్టాను. తర్వాత దాతలు, సిస్టర్. కాళ్ళ గజ్జెలు మాత్రం వినిపిస్తున్నాయి. ఆఖరున ఆయన. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోబోయాను. మెట్ల పక్క కర్ర పట్టుకుని దిగాడు.

భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు.

ఆగస్టు 18

సోమన్న బోర్డులు తీస్తున్నాడు. ఇరవై నాలుగింటిలో పదకొండు చేత్తోనే విరిగాయి. మధ్యవైతే కమ్మి నుంచి లాగుతుంటేనే ముద్దలుగా రాలాయి.

"ఒక్క ఆట ఆడుంటేనా," అని ఆగిపోయాడు. సరదా మనిషి. ఇవాళ ఏ సరదా మాటా అనలేదు.

పిల్లలు గుడిలో పడుకుంటున్నారు. పీఠానికి కాళ్ళు పెట్టకూడదని సిస్టర్ చాపలు అడ్డంగా వేయించారు.

ఆగస్టు 20

సిస్టర్ పిలిచారు. ట్రంకు పెట్టె అడుగున ఉన్న ముక్కని కాగితంతో సహా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఆవిడ విప్పి చూసి, మళ్ళీ చుట్టారు.

"పిల్లలు పైన పడుకుంటున్నారని తెలిసీ, రెండు నెలలు."

"అవును సిస్టర్."

"నువ్వూ అక్కడే పడుకున్నావు."

"అవును సిస్టర్."

"అది ఏ ధైర్యం అనుకున్నావు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ప్రతి శనివారం నేనే దగ్గరుండి కడిగించాను," అన్నారు, నాతో కాదు.

దాతలకి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాయమన్నారు. రాశాను. నాలుగు వాక్యాలు. నన్ను ఉంచుతారో పంపిస్తారో చెప్పలేదు. అడగలేదు.

ఆగస్టు 25

పెదనాన్న ఫోన్ ఎత్తలేదు. ఇది ఐదోసారి.

ఆగస్టు 27

సోమన్న విశాఖ నుంచి కొత్త ప్లైవుడ్ ముక్క ఒకటి తెచ్చిచ్చాడు.

"బాబు నీకిమ్మన్నాడు."

"ఏమన్నా చెప్పారా?"

"ఏటీ సెప్పనేదు."

ముక్క తిప్పి చూశాను. వెనక పెన్సిలుతో 72 అని ఉంది. ఏడుకి మధ్యలో చిన్న గీత. పెదనాన్న ఏడు అలాగే వేస్తాడు.

ఆగస్టు 28, గురువారం

ఉదయం ఆరింటికి డేక్సాలో వేశాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు. కొత్త స్కేలు.

మధ్యాహ్నం మూడింటికి అచ్చియమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది.

"లేదు అచ్చియమ్మా," అన్నాను. "ఇవ్వను."

"నానేటి అడిగినాను? సెప్పు." చంకలో కట్టెల మోపు కింద పడేసింది. "ఆదివారం పొద్దుటి దాకా మండాల కదా. అన్నం బాల్చీలో వండుకుంటాను. నువ్వెళ్ళి కాసింత తిని రా. నీళ్ళు నాను పోత్తాను."

వెళ్ళలేదు. కంచం అక్కడికే తెచ్చిచ్చింది.

ఆగస్టు 29, శుక్రవారం, ఉదయం ఎనిమిది

ఇరవై ఆరు గంటలు. గరిటెతో తీసి కొలిచాను. పద్దెనిమిదిన్నర.

స్కేలు తుడిచి మళ్ళీ పెట్టాను. పద్దెనిమిది అనిపించేలా కొంచెం వంచి పట్టుకోవచ్చు. నిటారుగా పట్టుకున్నాను. పద్దెనిమిదిన్నరే. పొరలు లేవలేదు. మూలలు గట్టిగా ఉన్నాయి. ఆ అర మిల్లీమీటరు ఆగుతుందో, ఇంకా పెరుగుతుందో తెలియదు. భయంగా ఉంది.

పద్దెనిమిదిన్నర అనే రాశాను. ముక్కని మళ్ళీ నీళ్ళలో వేశాను.

ఇంకా నలభై ఆరు గంటలు.